కోళ్ల దొడ్డి చుట్టూ ఉన్న మొక్కలను ఒకసారి పరిశీలించండి

పెరట్లో కోళ్లను పెంచేవారు దొడ్డి కంచె పక్కన ఏ మొక్కలు ఉన్నాయో ముందుగా చూసుకోవాలి. మన ఊళ్లలో అందం కోసం పెంచే గన్నేరు, పచ్చ గన్నేరు రెండింటిలోనూ ఆకు, పువ్వు, గింజ, బెరడు అన్నీ గుండెను దెబ్బతీసే విషమే. ఎండిన తరువాత కూడా ఆ విషం పోదు కనుక, కత్తిరించిన కొమ్మలను దొడ్డిలో వేయడం గానీ, రాలిన ఆకులు నీళ్ల తొట్టిలో పడనివ్వడం గానీ చేయకూడదు.

గింజల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. కోడి గింజను నమలకుండా మింగినా, కందనకాయ దానిని రాళ్లతో నూరి పిండి చేస్తుంది. అందువల్ల గట్టి పెంకు ఉన్న గురివింద, ఆముదం గింజలు కూడా ప్రమాదకరమే. ఉమ్మెత్త గింజలు, కండరాలను క్షీణింపజేసే కసివింద గింజలు పొలం నుంచి తెచ్చిన ధాన్యంలో కలిసి వస్తుంటాయి కాబట్టి, చెరిగి ఏరిన తరువాతే మేతగా వేయాలి.

స్వేచ్ఛగా తిరిగే కోళ్లు సాధారణంగా చేదు ఆకులను వదిలేస్తాయి. అయితే పచ్చిమేత దొరకని మూసిన దొడ్డిలో, ఆకలితో ఉన్న కోడి దేనినైనా పొడిచి చూస్తుంది. రోజూ కాస్త తోటకూర గానీ మునగాకు గానీ వేస్తే ఆ అవసరం తగ్గుతుంది. కోడి హఠాత్తుగా వాలిపోయినా, మెడ వేలాడేసినా, అనుమానమున్న ఆకుతో సహా వెంటనే పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి.