చూలు కుక్కకు నొప్పులు మొదలయ్యేలోపు, మొదలయ్యాక: జాగ్రత్తలు

క్రాసింగ్ చేయించిన తేదీ రాసి పెట్టుకోండి. కుక్క దాదాపు 63 రోజులకు ఈనుతుంది. క్రాసింగ్ నుంచి లెక్కేస్తే 58వ రోజు నుంచి 72వ రోజు లోపు ఎప్పుడైనా కావచ్చు. 55వ రోజు దాటాక ఒక ఎక్స్‌రే తీయించండి, లోపల పిల్లలెన్నో తెలుస్తుంది. ఆ ఖర్చు దండగ కాదు. ఈత అయిపోయిందా, ఇంకో పిల్ల మిగిలిందా అని అర్ధరాత్రి తేల్చుకోవాల్సి వస్తే ఆ అంకె ఒక్కటే ఆధారం. రాత్రిపూట ఫోనెత్తే, సిజేరియన్ చేయగల పశువుల డాక్టర్ ఎవరో కూడా అప్పుడే కనుక్కోండి. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు ఇది మరీ ముఖ్యం. వాటి పిల్లల తల పెద్దది, తల్లి కటి ఇరుకు.

బలానికని చూలుతో ఉండగా కాల్షియం సిరప్ పట్టకండి. బయటి నుంచి కాల్షియం అందుతుంటే, ఎముకల్లోంచి దాన్ని తీసుకునే పనిని ఒళ్లు తగ్గించేసుకుంటుంది. ఈనాక పాలకు ఒక్కసారిగా అవసరం పడేసరికి రక్తంలో కాల్షియం పడిపోతుంది.

వారం పది రోజుల ముందే మనుషుల సందడి లేని మూల చూసి, తల్లి కాళ్లు చాపుకుని పడుకునేంత పెట్టె అమర్చండి. గోడలకు లోపలివైపు, నేలకు నాలుగంగుళాల ఎత్తులో ఒక కర్ర చుట్టూ బిగిస్తే, తల్లి ఒరిగినప్పుడు పిల్ల గోడకీ వీపుకీ మధ్య నలిగిపోదు. కింద పాత న్యూస్‌పేపర్లు పొరలు పొరలుగా వేస్తే తడిసినవి తీసేయడం తేలిక.

58వ రోజు నుంచి రోజుకు రెండుసార్లు, కొనకు వాజిలిన్ రాసిన డిజిటల్ థర్మామీటర్‌ను మలద్వారంలో పెట్టి చూడండి. మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. 99 కిందికి దిగిందంటే దాదాపు 24 గంటల్లో నొప్పులొస్తాయి. రొప్పడం, వణకడం, పేపర్లు చింపి గూడు కట్టుకోవడం, తిండి మానేయడం మొదటి దశ. ఇది 6 నుంచి 12 గంటలు, తొలిచూలుకు ఒక్కోసారి 24 గంటలూ సాగుతుంది. అప్పుడు చుట్టూ చేరకండి. కంగారుపడితే నొప్పులు ఆగిపోతాయి.

ముక్కడం మొదలయ్యాక గడియారం చూసి ప్రతి పిల్లా పుట్టిన వేళ రాయండి. గట్టిగా ముక్కుతూ అరగంటైనా పిల్ల రాకపోయినా, లోపల ఇంకా పిల్లలున్నాయని తెలిసీ ఒక పిల్ల పుట్టాక ఇంకోటి రాకుండా రెండు గంటలు గడిచినా, మొదటి పిల్లకు ముందే ముదురాకుపచ్చ స్రావం కనిపించినా ఆలస్యం చేయకుండా బయల్దేరండి. ఆ పచ్చదనానికి అర్థం మాయ ఊడిందని, పిల్లకు ప్రాణవాయువు అందడం లేదని. పిల్ల పుట్టాక అదే రంగు కనిపిస్తే భయం లేదు. వెనక కాళ్లు ముందుగా రావడం కూడా కుక్కల్లో మామూలే.

నొప్పులు పెరగాలని ఆక్సిటోసిన్ ఇంజక్షన్ సొంతంగా చేయించకండి. పిల్ల అడ్డం తిరిగి ఉంటే గర్భసంచి చిరిగిపోతుంది.

పిల్ల ఒంటి చుట్టూ ఉన్న పొరను తల్లి వెంటనే నాకి చింపకపోతే మీరే చింపండి. ముక్కూ నోరూ తుడిచి, పొడి తువ్వాలుతో అరిచేవరకు రుద్దండి. కాళ్లు పట్టుకుని ఊపడం వద్దు, మెదడు దెబ్బతింటుంది. బొడ్డుతాడును పొట్టకు అంగుళం దూరంలో దారంతో కట్టి, ముడి అవతల కత్తిరించి పోవిడోన్ అయోడిన్ అద్దండి. పిల్లకో మాయ చొప్పున లెక్క సరిపోవాలి. తల్లి ఒకటి రెండు తింటే తిననివ్వండి, ఎక్కువైతే విరేచనాలవుతాయి.

ఎక్కువ పిల్లల్ని పొట్టనబెట్టుకునేది చలి. మొదటి వారం పెట్టెలో 29 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. బల్బు ఒక మూలకే వేలాడదీస్తే వేడెక్కినవి పక్కకు పాకగలుగుతాయి. చల్లబడిన పిల్లకు పాలు అరగవు, ముందు వెచ్చబరచి తర్వాతే పాలకు పెట్టండి. మొదటి 12 గంటల్లో జున్నుపాలు కడుపులో పడాలి. తల్లికి పాలు లేకపోతే ఆవుపాలు కాదు, కుక్కపిల్లల పాలపొడి వాడండి. రోజూ తూచండి, రెండో రోజు నుంచి బరువు పెరగాలి.

తర్వాతి నాలుగు వారాలూ తల్లిని కనిపెట్టి ఉండండి, పాలిచ్చే కొద్దీ రక్తంలో కాల్షియం పడిపోయే ముప్పు ఉంటుంది. పొమెరేనియన్ లాంటి చిన్న కుక్కకు పిల్లలెక్కువైతే ఈ ముప్పు ఇంకా ఎక్కువ. కాళ్లు బిగుసుకుని నడుస్తూ, రొప్పుతూ, వణుకుతుంటే పిల్లల్ని పాలు విడిపించి అప్పటికప్పుడు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. దానికి నరంలోకి కాల్షియం ఎక్కించాలి. నోట్లో పోసే సిరప్ ఆ వేళకు అక్కరకు రాదు.