చిన్న విమానం నడిపేవాళ్లు కరెంటు తీగల్ని పసిగట్టేదెలా?

ఫ్లయింగ్ ట్రైనింగ్‌కి వెళ్లే మన విశాఖ పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే: గాలిలోంచి తీగ కనబడదు, టవర్ కోసం చూడండి. నమ్మకం కుదరకపోతే పరవాడ వైపు వెళ్లి, సింహాద్రి థర్మల్ కేంద్రం నుంచి బయల్దేరే హైటెన్షన్ లైన్లను రోడ్డు మీద నుంచే కాసేపు చూడండి. కరెంటు మోసే లావు తీగలు తెలుస్తాయి. వాటికి పైన, టవర్ కొనల మీదుగా, పిడుగుల నుంచి లైన్‌ను కాపాడటానికి లాగిన సన్నటి ఎర్త్ వైరు ఉంటుంది. అది ఆకాశంలో కలిసిపోతుంది. లావు తీగల్ని చూసి గబుక్కున పైకి లేపిన విమానానికి తగిలేది అదే.

అందుకే దాటాల్సి వస్తే టవర్ నెత్తి మీదుగానే దాటండి. తీగల వరుసకు 45 డిగ్రీల కోణంలో వెళితే, అనుమానం వచ్చినప్పుడు పక్కకు తిరిగిపోవచ్చు.

ఇంజిన్ ఆగి పొలంలో దిగాల్సి వస్తే రోడ్డు పక్కన, బోరు మోటారు దగ్గర తీగ ఉందనే అనుకోండి.

తెగిన తీగ విమానం మీద పడితే, మంటలు లేనంతవరకూ లోపలే కూర్చోండి. కరెంటు ఆపేశారని ఖాయమయ్యాకే దిగాలి. మంటలొస్తే మాత్రం విమానాన్నీ నేలనూ ఒకేసారి తాకకుండా, రెండు కాళ్లూ దగ్గర పెట్టి దూకండి. పాదాలు ఎత్తకుండా జరుగుతూ దూరం పోవాలి. సాయానికి పరిగెత్తుకొచ్చే ఊరివాళ్లను కేకేసి ఆపండి.