దారం తెగేది బేసిన్ దగ్గర, చెడేది చంద్రిక మీద: పట్టుదారం సమస్యలు – పరిష్కారాలు

గూళ్లు వేసి దారం తీసే నీళ్ల తొట్టి, అంటే బేసిన్‌లో, దారం తెగితే నింద ఆ దారం తీసే రీలర్ చేతి మీద పడుతుంది. మగ్గం మీద పోగు తెగితే ఆ నింద రీలర్ మీదికీ, నూలు అమ్మిన వ్యాపారి మీదికీ పోతుంది. రైతును అడిగేవాళ్లు తక్కువ. చాలా తప్పులు మాత్రం పురుగు చంద్రిక (గూడు కట్టడానికి పురుగులను ఎక్కించే వెదురు తట్ట) మీద గూడు కట్టే మూడు రోజుల్లోనే జరిగిపోయి ఉంటాయి. అది తెలియాలంటే దారం లోపల ఏముందో కొంచెం చూడాలి.

మల్బరీ పురుగు ఒకేసారి రెండు సన్నని పోగులు వదులుతుంది. పోగు ఫైబ్రాయిన్ అనే మాంసకృత్తు, రెంటినీ కలిపి అంటించే జిగురు సెరిసిన్. గూటి పెంకులో 70 నుంచి 80 శాతం ఫైబ్రాయిన్, మిగతాది దాదాపు అంతా సెరిసినే. ఫైబ్రాయిన్‌లో నాలుగింట మూడు వంతులు గ్లైసిన్, అలనిన్. ఇవి చిన్న అణువులు కాబట్టి గొలుసులు పక్కపక్కన ఒత్తుగా సర్దుకుని బీటా షీట్ స్ఫటికాలవుతాయి. దారం బలమంతా వాటిదే. స్ఫటికాల మధ్య వదులుగా చిక్కుబడి ఉండే భాగం సాగుడునిస్తుంది. నీళ్లు దూరేది కూడా ఆ వదులు భాగంలోకే. తడిసిన పట్టు ఎండుదాని కంటే బలహీనంగా ఉండటానికి కారణం ఇదే.

గ్రంథిలో ద్రవంగా ఉన్నది దారంగా గట్టిపడేది పురుగు తల ఆడిస్తూ లాగినప్పుడే. షావో, వోల్‌రాత్ అనే పరిశోధకులు 2002లో పురుగు నోటి నుంచి దారాన్ని యంత్రంతో లాగి చూశారు. వేగంగా లాగితే బలం పెరిగి సాగుడు తగ్గింది, నెమ్మదిగా లాగితే సాగుడు పెరిగి బలం తగ్గింది. కాబట్టి గూడు కట్టే పురుగును గాలి, వెలుతురు, ఇరుకు ఏది ఇబ్బంది పెట్టినా ఆ మచ్చ దారంలో మిగిలిపోతుంది.

లక్షణం: బేసిన్‌లో దారం మాటిమాటికీ తెగుతోంది

ముందు ఉడుకు తప్పా, గూటి తప్పా తేల్చుకోండి. ఒకే లాట్ నుంచి 40 గూళ్లు తీసి, 20 గూళ్లు మీ మామూలు సమయం, మిగతా 20 గూళ్లు అరనిమిషం ఎక్కువ ఉడికించండి. రెండో వాటాలో తెగుడు బాగా తగ్గితే తప్పు ఉడుకుది. ఏమీ మారకపోతే తప్పు చంద్రిక మీద జరిగింది.

ఉడుకు చాలని గూడు నీళ్లలో నిలవదు. దారం లాగిన కొద్దీ ఎగిరి పైకి వస్తుంది. ఎక్కువ ఉడికిన గూడు మెత్తబడి, పొరలు పొరలుగా ఊడి, దారంలోకి ముద్దలుగా ఎక్కుతుంది, చెత్త పట్టు పెరుగుతుంది. కాటేజ్ బేసిన్‌లో 95–97 డిగ్రీల నీళ్లలో ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు మంచి మొదలు. పలచని సీబీ (సంకర జాతి) గూళ్లకు కొంచెం తక్కువ, మందమైన బైవోల్టిన్ (ఏడాదికి రెండు తరాలు వచ్చే జాతి) గూళ్లకు కొంచెం ఎక్కువ.

గూటిదే తప్పయితే ఒక గూడును చేత్తో పట్టుకుని దారం మెల్లగా లాగి చూడండి. దారం దారాన్ని దాటే చోట పట్టేసి, చిన్న పొరను కూడా చీల్చుకుని వస్తోందా? సెరిసిన్ తొందరగా ఆరలేదని అర్థం. పురుగు కొత్త దారం పెట్టేటప్పుడు కింది దారం ఇంకా తడిగా ఉంది, దాటిన ప్రతిచోటా గట్టిగా అతుక్కుంది. ఉడుకు ఎంత పెంచినా ఆ అతుకులు సమంగా విడవవు. విడిపోయే దాకా ఉడికిస్తే మిగతా పొరలు పాడవుతాయి.

జూలై, ఆగస్టు ముసురులో వరంగల్, జనగామ వైపు ఇది ఎక్కువగా కనిపిస్తుంది. తడి బయటి నుంచి మాత్రమే రాదు. గూడు కట్టబోయే ముందు ప్రతి పురుగూ చివరి మూత్రం వదులుతుంది. వేల పురుగులు ఒకేసారి వదిలితే మూసిన గదిలో గాలి బరువెక్కుతుంది.

ఏం చేయాలంటే, గదిలో తడి–పొడి బల్బుల థర్మామీటర్ వేలాడదీయండి. పొడి బల్బు 25, తడి బల్బు 20 చూపితే తేమ 63 శాతం దగ్గర ఉన్నట్టు, అది మంచిది. తడి బల్బు 23కి ఎక్కిందంటే తేమ 80 దాటింది, వెంటనే గాలి ఆడించాలి. కావలసింది 24–25 డిగ్రీలు, 60–65 శాతం. చంద్రికల కింద పరిచిన కాగితాలు మొదటి రోజు దాటగానే తీసేయండి. తడిసిన కాగితం తేమ గనిలాంటిది. పురుగులు పెంచిన షెడ్డులో పాత రెట్ట, ఆకు ఊడ్వకుండా అక్కడే చంద్రికలు పెట్టే అలవాటు మానండి. చంద్రికను చంద్రికకు ఆనించకుండా మధ్యలో జానెడు, మూరెడు సందు వదలండి. ఫ్యాన్ పెడితే గోడకు తిప్పి పెట్టండి. నేరుగా పురుగుల మీద కొట్టే గాలికి అవి ఓ మూలకు చేరతాయి, గూడు ఒకవైపు పలచబడుతుంది.

ఎండాకాలంలో కథ తిరగబడుతుంది. 30 డిగ్రీలు దాటితే గూడు పొరలు సమంగా పడవు, సెరిసిన్ మొండిగా మారి త్వరగా కరగదు. కిటికీలకు తడి గోనె కట్టండి, కానీ తేమ 70 దాటగానే తీసేయండి.

ఆరబెట్టడంలో జరిగే తప్పు వేరు. గూళ్లను ఎండలో పోసి ప్యూపాను (గూటి లోపల పురుగు మారిన దశను) చంపితే సెరిసిన్ గట్టిపడుతుంది, అతినీల కిరణాలకు పట్టు పసుపెక్కి బలం తగ్గుతుంది. వేడిగాలి డ్రయ్యరే మేలు. 110 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, ఐదారు గంటల్లో 60కి దించుతూ రావాలి. పచ్చి గూళ్లు 100 కిలోలు ఎండాక 40 కిలోల దగ్గరికి రావాలి. 50 దగ్గరే ఆపి సంచుల్లో కట్టేస్తే లోపల బూజు ఖాయం.

లక్షణం: జంట గూళ్లు, మరక గూళ్లు ఎక్కువ

ఇరుకుకు, తొందరకు వచ్చే ఫలితం ఇది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు చంద్రికకు 900 నుంచి 1000 పురుగులు చాలు. అంతకు మించితే రెండు పురుగులు ఒకే గూడు కడతాయి. రెండు దారాలు పెనవేసుకున్న ఆ గూడు తీగ తీయడానికి పనికిరాదు, ముతక దారమైన డూపియన్‌కు పోవాల్సిందే. పండని పురుగును ఎక్కిస్తే పక్కవాటి మీద మూత్రం పోస్తుంది. పండిన పురుగు ఆకు మానేస్తుంది, ఒళ్లు కొంచెం కుంచించుకుని వెలుతురులో పట్టి చూస్తే పసుపుపచ్చగా మెరుస్తుంది, తల ఎత్తి చోటు వెతుకుతుంది. మరీ ఆలస్యం చేస్తే పడక మీదే దారం పారబోసుకుంటుంది. సీబీ గూళ్లను ఎక్కించిన ఐదారో రోజున, బైవోల్టిన్ అయితే ఏడెనిమిదో రోజున దించాలి. ముందే దించితే లోపలి పురుగు ఇంకా ప్యూపా కాదు, నలిగి గూడు లోపల మరక పడుతుంది.

లక్షణం: దారం ఒకచోట లావు, ఒకచోట సన్నం

డెనియర్ అంటే 9000 మీటర్ల దారం గ్రాముల్లో బరువు. ఒక గూటి దారం పైపొరల్లో 3 డెనియర్ దగ్గర ఉంటే, లోపలికి పోయే కొద్దీ 2 కంటే కిందికి దిగుతుంది. పురుగు గ్రంథి ఖాళీ అవుతుంటే పోగు సన్నబడక ఏం చేస్తుంది! తొమ్మిది కొత్త గూళ్లు ఒకేసారి కలిపి చివరిదాకా తీస్తే మొదట లావు, ఆఖర్న సన్నం తప్పదు.

20/22 డెనియర్‌కు ఎనిమిది, తొమ్మిది గూళ్లు పడతాయి. ఎప్పుడు చూసినా వాటిలో మూడు కొత్తవి, మూడు సగం అయినవి, మూడు చివరికి వచ్చినవి ఉండేలా కలుపుకోండి. పెంకు పలచబడి లోపలి ప్యూపా కనిపిస్తే కొత్త గూటి కొస చేతిలో సిద్ధంగా ఉండాలి. రోజుకు రెండుసార్లు 450 మీటర్లు చుట్టి తూచండి. 21 డెనియర్‌కు 1.05 గ్రాములు రావాలి. 0.9 వస్తే ఎక్కడో ఒకటో రెండో గూళ్లు తక్కువతో నడుస్తోంది.

లక్షణం: పోగులు విడిపోతున్నాయి, నూగు లేస్తోంది

గూళ్ల పోగులన్నీ ఒక్క దారంగా అతకాలంటే మెత్తబడ్డ సెరిసినూ ఉండాలి, నీళ్లు పిండే ఒత్తిడీ ఉండాలి. ఆ ఒత్తిడి ఇచ్చేది దారం తన చుట్టూ తానే మెలితిరిగే భాగం. ఆ మెలిక పొట్టిగా ఉంటే దారం బల్లపరుపుగా, విడివిడిగా వస్తుంది. 8–10 సెంటీమీటర్లకు పెంచి చూడండి. చిన్న రీళ్ల మీద దారం ఆరకుండానే పేరుకుపోతే మూలల దగ్గర జిగురు కట్టి, తిరిగి చుట్టేటప్పుడు అక్కడే తెగుతుంది.

లక్షణం: జిగురు తీశాక మెరుపు లేదు, లేదా దారం చచ్చింది

ముందు తూచండి. ఉడకబెట్టడానికి ముందు కిలో ఉన్న పట్టు, పూర్తిగా ఆరాక 750–800 గ్రాములు ఉంటే సరి. 850 ఉంటే సెరిసిన్ మిగిలింది, రంగు మచ్చలు పడుతుంది. 700కి దిగితే జిగురుతో పాటు పోగునూ తినేశారు.

కిలో పట్టుకు 30 లీటర్ల మెత్తని నీళ్లు, 200–250 గ్రాముల మంచి సబ్బు, 30 గ్రాముల వాషింగ్ సోడా సరిపోతాయి. 90–95 డిగ్రీల్లో గంట సేపు, మధ్య మధ్య చిలపలు (దారం కట్టలు) తిప్పుతూ ఉంచాలి. కుతకుత ఉడకనిస్తే చిలపలు ఒకదానికొకటి రాసుకుని నూగు లేస్తుంది. కాస్టిక్ సోడా దగ్గరికి కూడా రానివ్వకండి, బ్లీచింగ్ పౌడర్ అంతకంటే ప్రమాదం. బోరు నీళ్లలో సున్నం ఎక్కువైతే సబ్బు పెరుగులా విరిగి దారం మీద తెట్టు కడుతుంది. అలాంటి ఊళ్లో వాననీళ్లు పట్టుకోవడం మేలు. తీయగానే చల్లటి నీళ్లలో ముంచకండి. ముందు వేడి, తర్వాత గోరువెచ్చన, ఆఖర్న చల్లనివి. ఆరేసేది నీడలో.

లక్షణం: మే నెలలో మగ్గం మీద పడుగు తెగుతోంది

మామూలు గాలిలో పట్టు తన బరువులో పదో వంతుకు పైగా తేమ పట్టుకుంటుంది. ఎండగాలికి ఆ తేమ పోతే పోగు పెళుసై, కరెంటు పుట్టి పక్కపోగుకు అంటుతుంది. గుంట మగ్గం ఉన్నవాళ్లకు ఈ బాధ తక్కువ. మిగతావాళ్లు మగ్గం కింద నేల తడపండి, కిటికీకి తడి గోనె కట్టండి, పడుగు మీద మాత్రం నీళ్లు చల్లకండి.

దసలి కాయల సంగతి వేరు

మహదేవ్‌పూర్, చెన్నూరు అడవుల్లో మద్దిచెట్ల మీద పెరిగే దసలి (టసర్) పట్టుపురుగు పోగులో అలనిన్ వరుసలు ఎక్కువ. పోగు మల్బరీ కంటే చాలా లావు, అడ్డకోతలో బల్లపరుపుగా ఉంటుంది, బాగా సాగుతుంది. పెంకు టానిన్‌తో గట్టిపడి ఉంటుంది కాబట్టి ఉత్త వేడినీళ్లలో ఎంత ఉడికించినా కొస దొరకదు, సోడా వేయాల్సిందే. మోతాదు ఒకేసారి పెంచకండి. పది కాయలు ఉడికించి, కొస చూసి, కాయ కాడ దగ్గర మెత్తబడిందో లేదో గోటితో నొక్కి, అప్పుడు మిగతా లాట్ వేయండి.