రాత్రి షిఫ్టు దిగాక ఇంటికి ఫోన్ చెయ్యకు తమ్ముడూ

మొన్న తెల్లవారుజామున మూడున్నరకి, సముద్రంలో మేం పనిచేసి పడుకునే పెద్ద పడవ, మా బార్జి డెక్ మీద ఒక గుంటడి చెయ్యి పోవాల్సింది. కంచిలి వైపు కుర్రాడు, వచ్చి ఇరవై రెండు రోజులు. క్రేన్ నుంచి పైపు స్పూల్, అంటే ముందే అతికి తెచ్చిన పైపు ముక్క, దిగుతోంది. గాలికి అది తిరగకుండా ట్యాగ్ లైన్ పట్టుకోవడం వాడి పని. తాడు అరచేతిలో వదులుగా ఉండాలి. వీడు మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుని నిలబడే కునుకు తీస్తున్నాడు. నేను అరిచిన అరుపుకి, క్రేన్‌వాడికి సైగలు చేసే బ్యాంక్స్‌మన్ చెయ్యెత్తాడు, క్రేన్ ఆగింది. తాడు విప్పి చూస్తే మణికట్టు చుట్టూ ఎర్రగా గీత. అంతటితో పోయింది, వాడి అమ్మ చేసిన పూజలు.

"ఎంతసేపు పడుకున్నావురా?" అంటే "పడుకున్నాను అన్నయ్యా" అంటాడు. నాలుగోసారి గట్టిగా అడిగితే చెప్పాడు. పొద్దున్న ఆరింటికి షిఫ్టు దిగడం, తినడం, బంక్‌లో దూరి కర్టెన్ లాక్కుని ఇమో యాప్‌లో ఇంటికి ఫోన్. ముందు అమ్మ, తర్వాత నాన్న, తర్వాత పెళ్లాం, ఆఖరికి అప్పిచ్చిన మావయ్య. పెట్టేసేసరికి తొమ్మిదిన్నర. ఆ తర్వాత కళ్లు మూస్తే నిద్ర వస్తుందా? మావయ్య మాటలే తిరుగుతాయి. పన్నెండున్నరకి భోజనాల చప్పుడుకి మెలకువ. ఇరవై రెండు రోజులుగా ఇదే వరస.

నువ్వూ ఈ సముద్రం మీది చమురు పనికే కొత్తగా వస్తున్నావు, అందుకే రాస్తున్నాను. పాస్‌పోర్టు, మెడికల్, హ్యూయెట్ ట్రైనింగ్ (నీళ్లలో పడ్డ హెలికాప్టర్‌లోంచి బయటపడటం), క్రేన్‌తో మనుషుల్ని ఎత్తే బాస్కెట్‌లో ఎలా నిలబడాలి, అలారం మోగితే ఎక్కడికి పరిగెత్తాలి... ఇవన్నీ చెప్పడానికి నీకు చాలామంది ఉన్నారు. నిద్ర గురించి ఎవరూ చెప్పరు.

నేను 2014లో వచ్చాను. సౌదీ, సఫానియా. సముద్రంలో ఉన్న చమురు క్షేత్రాల్లో ప్రపంచంలోనే పెద్దది అంటారు. నాకు కనిపించింది మాత్రం ఇనుము, ఉప్పునీళ్లు, పై బంక్ మీద సీలింగు. ఇంటి దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు. నలుగురున్న గదిలో ఇద్దరిది పగలు, ఇద్దరిది రాత్రి. మూడో వారానికి నేను మనిషినే కాదు. పప్పులో ఉప్పు తక్కువైందని మెస్‌లో వంటవాడి మీదికి చెయ్యెత్తాను. ఆ సాయంత్రమే బాత్రూమ్‌లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. అది బెంగనుకున్నాను. మా అమ్మ దిష్టి అనుకుంది, అన్నవరం వెళ్తానని మొక్కుకుంది. బెంగ లేదని కాదు, ఉంది. కానీ ఓ శుక్రవారం పని ఆగి తొమ్మిది గంటలు ఏకధాటిన పడుకుని లేస్తే, ఆ బెంగే సగానికి సగం దిగిపోయి ఉంది. అప్పటికిగానీ నా మట్టిబుర్రకి ఎక్కలేదు.

లెక్క చూడు. పదిహేడు గంటలు వరసగా మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడితో సమానమని పరిశోధనల్లో తేలింది. మధ్యాహ్నం పన్నెండున్నరకి లేచిన గుంటడికి ఆ పదిహేడు గంటలు తెల్లవారుజామున ఐదున్నరకి నిండుతాయి. అంతకుముందు పడుకున్నది మూడు గంటలే కాబట్టి వాడు రెండు గంటలు ముందే అక్కడికి చేరుకున్నాడు. సౌదీలో మనలాంటి వాళ్లకి మందు చుక్క దొరకదు. అయినా మన వాళ్లు రోజూ తాగినట్టే క్రేన్ కింద నిలబడతారు.

తప్పు గడియారంలో ఉంది. ఇక్కడ పొద్దున్న ఆరంటే ఇంటి దగ్గర ఎనిమిదిన్నర. అందరూ లేచి కాఫీ తాగి ఖాళీగా నీ ఫోన్ కోసం చూస్తుంటారు. వాళ్లకి అది మాట్లాడే వేళ. నీకది అర్ధరాత్రి. వాళ్లకి తెలియదు, నువ్వు చెప్పవు. చెప్తే బాధపడతారని!

చెప్పు. బాధపడితే పడనీ. దిగగానే ఒక్క మెసేజి పెట్టు: దిగాను, తిన్నాను, పడుకుంటున్నాను. ఫోన్ తీసి లాకర్లో పడెయ్. సాయంత్రం నాలుగున్నరకి లేచి మొహం కడుక్కుని అప్పుడు చెయ్యి. ఇంటి దగ్గర ఏడు, నాన్న పొలం నుంచి వచ్చేసి ఉంటాడు, పిల్లలు మెలకువగా ఉంటారు. డబ్బు మాటలు, గట్టు తగాదాలు వారానికి ఒక రోజుకి పెట్టుకో. నిజంగా ప్రాణం మీదికొచ్చే అవసరముంటే ఎలా అంటావు. ఒడ్డున కంపెనీ ఆఫీసులో మన మనుషుల సంగతి చూసే ఆయన నంబరు ఇంట్లో ఇచ్చి ఉంచు. ఆయన రేడియో రూమ్‌కి చెప్తే నిన్ను లేపుతారు. ఆ నంబరు ఇంట్లో ఉంటే ఫోన్ దిండు కింద పెట్టుకునే పని లేదు.

ఇంట్లో వాళ్ల భయం వేరే ఉంటుంది. 2021 మేలో తౌక్టే తుఫానుకి ముంబై హై చమురు క్షేత్రం దగ్గర పీ-305 బార్జి మునిగినప్పుడు మా అమ్మ వారం రోజులు నన్ను పడుకోనివ్వలేదు. నేనున్నది వేరే సముద్రం అమ్మా అంటే, "నీళ్లు నీళ్లే కదరా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

టీ సంగతి కూడా. తాగిన టీ ప్రభావం సగం దిగడానికే ఐదారు గంటలు పడుతుంది. రాత్రి ఒంటిగంట తర్వాత టీ వద్దు, ఎనర్జీ డ్రింకులు అసలొద్దు. షిఫ్టు దిగి డెక్ మీద నడిచేటప్పుడు నల్ల కళ్లద్దాలు తియ్యకు, ఆ ఎండ కంట్లో పడితే ఒంటికి తెల్లారిందని తెలిసిపోతుంది. కర్టెన్ సందులో తువ్వాలు దూర్చు.

షమాల్ అని ఇక్కడ వాయవ్యం నుంచి వీచే గట్టి గాలి లేస్తే క్రేన్లు ఆపేస్తారు. రెండ్రోజులు, ఒక్కోసారి మూడు. కొత్తవాళ్లు సంబరపడతారు. నాకైతే ఆ రోజులంటేనే టెన్షన్. పగలూ రాత్రీ తేడా లేకుండా ఫోన్ పట్టుకుని దొర్లి, కూడబెట్టుకున్న నిద్ర వేళలన్నీ పాడు చేసుకుంటారు. పని లేకపోయినా లేచే వేళకే లే. బట్టలుతుక్కో, క్యారమ్స్ ఆడు.

ఒకటి మాత్రం తిట్టి చెప్తాను. ఊళ్లో మెడికల్ షాపువాడిచ్చిన నిద్రమాత్రలు బ్యాగులో వేసుకుని రాకు. ఆల్ప్రజోలమ్ లాంటివి గల్ఫ్ దేశాల్లో కంట్రోల్లో ఉన్న మందులు. చీటీ, అనుమతి లేకుండా ఎయిర్‌పోర్టులో దొరికితే జైలే. నిద్ర పట్టకపోతే బార్జి మీద వైద్యం చూసే మెడిక్ దగ్గరికి వెళ్లు. ఇంటికి పంపేస్తారని భయం, నాకూ ఉండేది. నిద్ర గురించి మెడిక్ దగ్గరికి వెళ్లి ఫ్లైటెక్కినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. చెయ్యి నలిగి ఎక్కినవాళ్లని ఇద్దరిని చూశాను. నిద్ర లేకుండా రాత్రి షిఫ్టుకి వచ్చావా, పని మొదలెట్టే ముందు జరిగే టూల్‌బాక్స్ టాక్‌లోనే ఫోర్‌మన్‌కి చెప్పు, ఆ పూట తాడు పట్టుకోనని. ఇక చచ్చిపోదామన్న ఆలోచన గానీ వస్తే, తెల్లారేదాకా ఆగొద్దు. డెక్ మీదికి ఒంటరిగా వెళ్లకు. పక్క బంక్‌వాణ్ణి లేపు, ఇద్దరూ కలిసి మెడిక్ తలుపు కొట్టండి.

సరే, ఇంత తిట్టాక ఒక మాట. నాకు ఐదో వారానికి ఇంజన్ హోరు వినపడటం మానేసింది. నీకూ మానేస్తుంది. నాకంటే త్వరగానే కావచ్చు, నీకు చెప్పేవాడున్నాడు కాబట్టి.

కంచిలి గుంటడి ఫోన్ ఇప్పుడు రోజూ పొద్దున్న నా లాకర్లో ఉంటోంది. నాలుగున్నరకి ఇస్తాను. నిన్న నాలుగింటికే వచ్చి తలుపు కొట్టాడు. ఇవ్వలేదు.