ఆర్‌వీలో మెక్సికో తీరానికి: బండి పర్మిట్‌కు దరఖాస్తు ఎలా, ఎక్కడ ఆగిపోతుంది

అరిజోనా, టెక్సాస్, కాలిఫోర్నియాల్లో ఉద్యోగాలు చేసి రిటైరైన మనవాళ్లలో కొందరు చలికాలం రాగానే ఆర్‌వీ (లోపలే పడకలు, వంటగది ఉండే బండి) బయటికి తీసి, మరో రెండు జంటల్ని కలుపుకుని మెక్సికో తీరానికి బయల్దేరుతున్నారు. టెన్షన్ అంతా వీసా గురించే పడతారు. తీరా సరిహద్దులో వెనక్కి పంపేది చాలాసార్లు బండి కాగితాలు చూసి. మూడు జంటల్లో ఒకరి కాగితం కుదరకపోతే మిగతావాళ్లు పార్కింగ్‌లో ఎండలో కూర్చోవాలి, లేదంటే వాళ్లను వదిలేసి ముందుకెళ్లాలి. స్నేహానికి రెండూ మంచివి కావు. అందుకని తెలిసిన విషయాలు గబగబా చెప్పేసి, ఆ కాగితం సంగతి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మీకు పర్మిట్ కావాలో లేదో చూసుకోండి

విదేశీ నంబర్ ప్లేట్ ఉన్న బండిని మెక్సికో లోపలికి తీసుకెళ్లాలంటే తాత్కాలిక దిగుమతి పర్మిట్ ఉండాలి. దీన్నే అందరూ టి.ఐ.పి. అంటారు. బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పం మొత్తానికి ఇది అక్కర్లేదు. టిహువానా నుంచి కాబో సాన్ లూకాస్ దాకా, మధ్యలో ములేహే, లొరేతో, లా పాస్ ఎక్కడ ఆగినా ఎవరూ అడగరు. సోనోరా రాష్ట్రంలో ప్వెర్తో పెన్యాస్కో, గ్వైమాస్ పక్కనున్న సాన్ కార్లోస్ కూడా పర్మిట్ లేకుండా వెళ్లగలిగే ప్రాంతంలోనే ఉన్నాయి. అది దాటి దక్షిణంగా మసాత్లాన్, గ్వాయాబితోస్, ప్వెర్తో వయార్తా వైపు వెళ్తేనే పర్మిట్ తప్పనిసరి. బాహా చూసుకుని లా పాస్ నుంచి ఫెర్రీలో మసాత్లాన్‌కి దాటుదామనుకునేవాళ్లకీ కావాలి. లా పాస్ దగ్గరి పిచిలింగే రేవులో పర్మిట్ ఇచ్చే కౌంటర్ ఉంది.

మసాత్లాన్ ఉన్న సినలోవా రాష్ట్రం అమెరికా విదేశాంగ శాఖవారి ‘వెళ్లవద్దు’ జాబితాలో ఏళ్లుగా ఉంటోంది. బయల్దేరే వారంలో ఒకసారి ఆ జాబితా చూసుకోండి. మొదటిసారి వెళ్లేవాళ్లకైతే నా ఓటు బాహాకే. అక్కడ పర్మిట్ గొడవ ఉండదు. కాకపోతే ఎల్ రొసారియో దాటాక దాదాపు 300 కిలోమీటర్లు పెట్రోల్ బంకు కనిపించదు, ట్యాంకు అక్కడే నిండుగా కొట్టించుకోవాలి.

మనుషుల కాగితాలు

ఇది తేలిక. అమెరికా పౌరులకు వీసా అక్కర్లేదు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నా గ్రీన్ కార్డు ఉంటే మెక్సికో వీసా అవసరం లేదు. పాస్‌పోర్టులో గడువున్న అమెరికా వీసా స్టాంపు ఉన్నా చాలు. దారిలో వచ్చి కలుద్దామనుకునే పిల్లలు హెచ్1బి ఉద్యోగ వీసా మీద ఉండి, స్టాంపు గడువు అయిపోయి, చేతిలో ఐ-797 అనే ఆమోద పత్రం మాత్రమే ఉంటే అది మెక్సికోవాళ్లకు సరిపోదు. వాళ్లకు ఈ మాట ముందే చెప్పండి.

పర్మిట్ అక్కర్లేని బాహాకి వెళ్లినా సరే, సరిహద్దులో ఆగి ఎఫ్.ఎం.ఎం. అనే టూరిస్టు ఫారం తీసుకోవాలి. ఏడు రోజుల లోపు ప్రయాణానికి ఉచితం, అంతకు మించితే ఫీజు. ఆ ఫీజు ఏటా మారుతుంది. గరిష్ఠంగా 180 రోజులు ఇవ్వొచ్చు కానీ ఎన్ని ఇవ్వాలన్నది ఎదురుగా ఉన్న అధికారి ఇష్టం. ఎన్నాళ్లుంటారో స్పష్టంగా చెప్పండి. ఫారం చేతికి రాగానే కిటికీ దగ్గర నిలబడే అందులో రాసిన అంకె చూసుకోండి. నాలుగు నెలలకని వెళ్లినవాళ్లకు 30 అని రాసి ఉంటే అక్కడికక్కడే మర్యాదగా అడగాలి. బయటికొచ్చాక ఆ అంకె మారదు.

పర్మిట్ ఇచ్చేది ఎవరు, ఎంత

బాన్‌హెర్సితో అనే బ్యాంకు. మెక్సికో సైన్యం బ్యాంకు అది. దాని కౌంటర్లు సరిహద్దు దగ్గరే ఉంటాయి. అరిజోనా సరిహద్దులోని నోగాలెస్ దారిలో వెళ్లేవాళ్లకు ఊరు దాటాక 21వ కిలోమీటరు దగ్గర వస్తుంది.

ఆర్‌వీకి పర్మిట్ పదేళ్లు. డిపాజిట్ ఉండదు, ఫీజు మాత్రం కట్టాలి. మామూలు కారుకైతే మీ టూరిస్టు ఫారంలో ఎన్ని రోజులుంటే అన్ని రోజులే. పైగా డిపాజిట్ కట్టాలి. 2007, ఆ తర్వాతి మోడళ్లకు 400 డాలర్లు, 2001 నుంచి 2006 వరకు 300, అంతకంటే పాతవాటికి 200. గడువు లోపల కారు వెనక్కి తెచ్చి పర్మిట్ రద్దు చేయిస్తే ఈ డబ్బు తిరిగొస్తుంది. ట్రైలర్‌ని పికప్‌తో లాక్కెళ్లేవాళ్లు ఒకటి గమనించాలి. మోటార్‌హోమ్‌కి (తన ఇంజనుతో తానే నడిచే ఆర్‌వీకి) బరువు పట్టింపు లేదు గానీ, పికప్‌కి మూడున్నర టన్నుల పరిమితి ఉంది. వెనక నాలుగు చక్రాలుండే పెద్ద పికప్‌లు ఇక్కడే చిక్కుకుంటాయి.

కావలసినవి: పాస్‌పోర్టు, టూరిస్టు ఫారం, డ్రైవింగ్ లైసెన్సు, బండి టైటిల్ (యాజమాన్య పత్రం) లేదా గడువున్న రిజిస్ట్రేషన్, డబ్బు కట్టే కార్డు. అన్నీ ఒరిజినల్స్, ఒక్కోదానికి రెండేసి జిరాక్స్‌లు.

ఆగిపోయేది ఇక్కడే: రిజిస్ట్రేషన్ మీద ఉన్న పేరు

కౌంటర్లో అమ్మాయి పాస్‌పోర్టును, రిజిస్ట్రేషన్‌ను పక్కపక్కన పెట్టి, పేరు కింద పెన్ను పెట్టి అక్షరం అక్షరం జరుపుకుంటూ పోతుంది. రెండూ ఒకే మనిషివని ఆమెకు నమ్మకం కలగాలి. అమెరికన్ దంపతులకు ఇది అర నిమిషం పని. మనకు కాదు.

పాస్‌పోర్టులో ఇంటిపేరు ‘కొల్లి’, పేరు ‘వెంకట సుబ్బారావు’ అని ఉందనుకోండి. బండి కొన్నప్పుడు డీలరు ‘సుబ్బారావు కె.వి.’ అని కొట్టించాడు. లైసెన్సులో ‘వెంకట కొల్లి’ అని ఉంది. మూడూ ఆయనవేనని మనకు చూడగానే తెలుస్తుంది. కౌంటర్లో ఉన్నావిడకు ముగ్గురు మనుషులు కనిపిస్తారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు విడగొట్టకుండా మొత్తం ఒకే గడిలో రాయించుకున్న పాతకాలం వాళ్లది ఇంకో తిప్పలు. వాళ్ల వీసాలో, లైసెన్సులో పేరుకు ముందు ‘ఎఫ్‌ఎన్‌యు’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని తగిలించి ఉంటుంది, టైటిల్‌లో ఉండదు. కొందరు అధికారులు చూసీ చూడనట్టు వదిలేస్తారు. మీకు ఎవరు తగులుతారో ముందే తెలిసే దారి లేదు.

దీనికి మందు సరిహద్దులో దొరకదు, ఇంటి దగ్గరే ఉంది. రిజిస్ట్రేషన్‌ను పాస్‌పోర్టులో ఉన్నట్టే సరిచేయించుకోండి. మీ రాష్ట్రపు వాహన కార్యాలయంలో ఇది మామూలు దరఖాస్తే. కొత్త కాగితం పోస్టులో రావడానికి వారాలు పడుతుంది కాబట్టి వేసవి అయిపోయే లోపు మొదలుపెట్టాలి. డిసెంబరులో బయల్దేరడానికి నవంబరులో గుర్తుకొస్తే ఆలస్యమైనట్టే.

బండి భార్య పేరు మీద ఉండి, భర్త దరఖాస్తు చేస్తుంటే పెళ్లి సర్టిఫికెట్ ఒరిజినల్ చూపించాలి. శుభలేఖ, పెళ్లి ఫొటో చూపిస్తే నవ్వుతారు తప్ప పర్మిట్ ఇవ్వరు. 1970లలో గుడిలో పెళ్లయిన వాళ్లు కూడా గ్రీన్ కార్డు దరఖాస్తుకి ఏదో ఒక సర్టిఫికెట్ సంపాదించే ఉంటారు. ఆ ఫైలు వెతకండి. అసలు ఎవరి పేరు మీద బండి ఉందో వాళ్లే దరఖాస్తు చేస్తే ఈ గొడవే లేదు.

పన్ను కలిసొస్తుందని మోంటానాలో కంపెనీ పెట్టి, ఆ కంపెనీ పేరు మీద ఆర్‌వీ కొన్నవాళ్లు మనలోనూ ఉన్నారు. టైటిల్ మీద మీ పేరే ఉండదు కనుక, ఆ కంపెనీకి మీరేమవుతారో, బండి మెక్సికోకి తీసుకెళ్లడానికి మీకు అనుమతి ఉందో లేదో కాగితాలతో రుజువు చేయాలి. నోటరీ చేయించిన లేఖ, కంపెనీ పత్రాలు పట్టుకెళ్లండి. కుటుంబ ట్రస్టు పేరు మీద ఉన్న బండికీ ఇలాంటి చిక్కే.

లోన్ ఉంటే బ్యాంకు లేఖ

ఆర్‌వీ లోన్లు పదిహేను, ఇరవై ఏళ్లు సాగుతాయి. లోన్ తీరేదాకా టైటిల్ మీద బ్యాంకు హక్కు ఉంటుంది. అందుకే ఈ బండిని మెక్సికోకి తీసుకెళ్లడానికి మాకు అభ్యంతరం లేదని బ్యాంకు రాసిచ్చిన లేఖ కావాలి. కొన్ని కౌంటర్లలో రిజిస్ట్రేషన్ చూసి సరిపెట్టుకుంటారు, లేఖ ఊసెత్తరు. పోయినేడు మమ్మల్ని అడగలేదు అని మిత్రులు చెప్పేది నిజమే కావచ్చు. అడిగిన రోజు మాత్రం ఆ లేఖ ఉన్న జంట ముందుకెళ్తుంది, లేనివాళ్లు వెనక్కి తిరుగుతారు.

బ్యాంకు బ్రాంచిలో అడిగితే వాళ్లకు తెలియకపోవచ్చు. లోన్ వాయిదాలు చూసే విభాగానికి ఫోన్ చేసి అడగండి. లేఖ బ్యాంకు లెటర్‌హెడ్ మీద ఉండాలి. అందులో పాస్‌పోర్టులో ఉన్నట్టే మీ పేరు, బండి ఛాసిస్ నంబరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, మెక్సికోకి అన్న మాట, సంతకం ఉండాలి. నోటరీ కూడా ఉంటే నిశ్చింత. అద్దెకు తీసుకున్న ఆర్‌వీకైతే అద్దె కంపెనీ నుంచి ఇలాంటి లేఖే కావాలి. చాలా కంపెనీలు మెక్సికోకి ఒప్పుకోవు. అడ్వాన్సు కట్టకముందే అడగండి.

వెనకాల లాక్కెళ్లే చిన్న కారు

ఒక మనిషి పేరు మీద ఒక బండికే పర్మిట్. మోటార్‌హోమ్ భర్త పేరున తీసుకుంటే, వెనక తగిలించుకున్న కారు భార్య పేరున తీసుకోవాలి. అంటే ఆ కారు రిజిస్ట్రేషన్‌లో ఆవిడ పేరు ఉండాలి, అదీ ఆవిడ పాస్‌పోర్టులో ఉన్నట్టే. పుట్టింటి ఇంటిపేరుతో పాస్‌పోర్టు, అత్తింటి పేరుతో రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు ఇక్కడ మరోసారి చూసుకోండి.

డిపాజిట్‌ని కార్డు మీద కడితే అది దరఖాస్తుదారు సొంత కార్డే అయ్యుండాలి. అబ్బాయి ఇచ్చిన కార్డు పనిచేయదు. ఆవిడ పేరు మీద కార్డు లేకపోతే బయల్దేరే ముందే ఒకటి తీసుకోవడం మంచిది. తర్వాత డబ్బు తిరిగొచ్చేదీ ఆ కార్డులోకే కాబట్టి ఈలోగా దాన్ని మూసేయకండి.

స్నేహితులతో వెళ్లినప్పుడు దారిలో స్టీరింగ్‌లు మార్చుకోవడం సహజం. పర్మిట్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లు ఆ బండిలోనే కూర్చుని ఉండేలా చూసుకోండి.

పార్కింగ్‌లో ఎదురొచ్చేవాళ్లు

కౌంటర్ బయట మెడలో కార్డు వేసుకుని, ఫారం నింపిపెడతాం, లైను లేకుండా చేయిస్తాం అంటూ వచ్చేవాళ్లుంటారు. ఫారం నింపడం పెద్ద పనేం కాదు. జిరాక్స్ షాపు కూడా అక్కడే ఉంటుంది. అసలు జాగ్రత్త పేరు కుదరనప్పుడు కావాలి. అప్పుడే ఎవరో ఒకరు పక్కకు పిలిచి, కొంచెం డబ్బిస్తే వేరేవాళ్ల పేరు మీద పర్మిట్ రాయిస్తాం అంటారు. ఒప్పుకున్నారంటే కాగితాల ప్రకారం మీ బండి ఒక అపరిచితుడిది. దారిలో చెక్‌పోస్టు దగ్గర ఆపితే బండి జప్తు కావచ్చు. డబ్బు ఎప్పుడు కట్టినా బ్యాంకు కిటికీలోనే కట్టి, రసీదు తీసుకోండి. ఇంటర్నెట్‌లో ప్రభుత్వ సైటులా కనిపించే దళారీ సైట్లు కూడా చాలానే ఉన్నాయి. కారుకి ఆన్‌లైన్‌లో చేసుకుంటే బాన్‌హెర్సితో సొంత సైటులోనే చేయండి. ఆర్‌వీకి నేరుగా కౌంటర్‌కి వెళ్లమనే చెప్తాను.

ఇన్సూరెన్సు సంగతి క్లుప్తంగా. అమెరికా పాలసీ మెక్సికో చట్టం ముందు చెల్లదు, అక్కడి కంపెనీ పాలసీ కొనాలి. వెనక కారునీ అందులో రాయించండి. లాయరు సాయం ఉన్న పాలసీ తీసుకోండి, ఎందుకంటే పెద్ద ప్రమాదమైతే లెక్క తేలేదాకా డ్రైవర్‌ని ఆపి ఉంచే అధికారం పోలీసులకు ఉంది. దారిలో బండి మొరాయిస్తే 078కి ఫోన్ చేయండి, ‘ఆంహెలెస్ వెర్దెస్’ అనే ప్రభుత్వ సాయం బండ్లు వస్తాయి. సెకండ్ హ్యాండ్ ఆర్‌వీ అయితే సొరుగులన్నీ ఖాళీ చేసి చూడండి. పాత యజమాని వదిలేసిన ఒక్క తూటా దొరికినా జైలు దాకా వెళ్తుంది.

వచ్చేటప్పుడు రద్దు

కారు పర్మిట్‌ను తిరిగొచ్చేటప్పుడు బాన్‌హెర్సితో కౌంటర్ దగ్గర ఆగి రద్దు చేయించాలి. ఎవరూ ఆపరు, పిలవరు. ఇంటికి వెళ్లే తొందరలో నేరుగా అమెరికా లైనులోకి వెళ్లిపోయినవాళ్ల డిపాజిట్ పోతుంది. పైగా ఆ పర్మిట్ తెగేదాకా వాళ్ల పేరు మీద ఇంకోటి ఇవ్వరు. వెళ్లిన దారిన కాకుండా వేరే సరిహద్దు నుంచి వస్తుంటే కౌంటర్ ఎక్కడుందో, ఏ వేళల్లో తెరుస్తారో ముందురోజే కనుక్కోండి. రద్దు రసీదు ఫొటో తీసి పెట్టుకోండి.

ఆర్‌వీది పదేళ్లు కాబట్టి ప్రతిసారీ రద్దు అక్కర్లేదు. అందుకే మర్చిపోతారు కూడా. ఆరేడేళ్లకు ఓపిక తగ్గి బండి అమ్మేస్తారు, పర్మిట్ మాత్రం ఛాసిస్ నంబరు మీద బతికే ఉంటుంది. కొన్నాయన నోగాలెస్ దాకా వెళ్లాక, ఈ బండికి ఇప్పటికే పర్మిట్ ఉంది, మీకివ్వలేం అంటారు. రద్దు చేయాలంటే బండినే కౌంటర్‌కి తీసుకురావాలి. కాబట్టి అమ్మే ముందు సరిహద్దుకి చివరిసారి ఒక ప్రయాణం చేసి రద్దు చేయించండి. కొనేవాళ్లయితే, ఈ బండి ఎప్పుడైనా మెక్సికో వెళ్లిందా అని అడగండి. వెళ్లిందంటే రద్దు రసీదు చూశాకే డబ్బు ఇవ్వండి.