రెండు రంగుల మధ్య తేడాను ఎలా కొలవాలి?

ఒకే చొక్కా రెండు ఫొటోల్లో రెండు రకాలుగా కనిపిస్తే "కొంచెం తేడా ఉంది" అంటే చాలదు. ఎంతో అంకెల్లో తెలియాలి.

ముందు రెండు ఫైళ్లనూ ఒకే కలర్ ప్రొఫైల్‌లోకి (ఫైల్లోని అంకెలు ఏ రంగులో చెప్పే వివరం) తెచ్చుకోండి. తెరల మీద మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ చాలు. 'కన్వర్ట్' వాడండి, 'అసైన్' చేస్తే అంకెలు అలాగే ఉండి రంగు మారిపోతుంది. ఫొటోషాప్‌లో ఇన్ఫో ప్యానెల్‌ను ల్యాబ్ విలువలకు మార్చండి. అందులో ఎల్ అంటే వెలుగు, ఏ అంటే ఆకుపచ్చ-ఎరుపు, బీ అంటే నీలం-పసుపు.

పని చెడేది రంగు తీసుకునే దగ్గర. రంగు చదివే పనిముట్టు ఐడ్రాపర్‌ను 'పాయింట్ శాంపిల్' మీద వదిలేస్తే ఒక్క పిక్సెల్‌నే చదువుతుంది. అది సెన్సర్ నాయిస్ కావచ్చు, జేపెగ్ కుదింపులో పుట్టిన మచ్చ కావచ్చు. పక్క పిక్సెల్ ఇంకో అంకె చెబుతుంది. అందుకే శాంపిల్ సైజు 11×11 సగటు పెట్టండి. 5×5 చాలదా అంటారు, నేనైతే ఒప్పుకోను.

అంచుల జోలికి వెళ్లొద్దు, అక్కడ పక్క రంగు కలిసి ఉంటుంది. జేపెగ్‌లో ఈ బెడద ఇంకా ఎక్కువ. రంగు వివరాలను వెలుగు కన్నా తక్కువ రిజల్యూషన్‌తో దాచడం అందులో మామూలే. మెరుపు, నీడ కూడా వద్దు. రెండు ఫొటోల్లోనూ అదే చోటు పట్టుకోండి. ఒకసారి నేను ఒకదాంట్లో మడత లోపల, రెండోదాంట్లో మడత మీద కొలిచి, లేని తేడాను అరగంట సరిదిద్దాను! ఇప్పుడు మూడు చోట్ల కొలవనిదే నమ్మను.

ఇక లెక్క తేలిక. మొదటి రంగు ఎల్, ఏ, బీ విలువలు 52, 40, 30. రెండోదానివి 50, 43, 24 అనుకుందాం. తేడాలు 2, 3, 6. వాటి వర్గాల మొత్తం 49, వర్గమూలం 7. రంగుల తేడాను చెప్పే అంకెను డెల్టా ఈ అంటారు, 1976 నాటి సూత్రంతో వచ్చేది ఇదే. సుమారు 2.3 దగ్గర తేడా కంటికి ఆనడం మొదలవుతుందని లెక్క. 7 అంటే బాగానే తెలుస్తుంది.

ఇదే లెక్క ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) అంకెలతో వేసేవాళ్లను చూస్తే విసుగొస్తుంది. ఎస్‌ఆర్‌జీబీలో తెలుపు వెలుగులో ఆకుపచ్చ వాటా దాదాపు 72 శాతం, నీలం వాటా 7 శాతం. రెండింటినీ ఒకే గాటన కడితే ఎలా? ఒక ఫొటో మీద ఇంకోటి పెట్టి తీసివేత చూపే డిఫరెన్స్ మోడ్ తేడా ఎక్కడుందో చూపడానికి పనికొస్తుంది, అంతవరకే.

గాఢమైన రంగుల్లో, ముఖ్యంగా నీలాల్లో, 1976 సూత్రం తప్పుదారి పట్టిస్తుంది. అక్కడ దాని తర్వాత వచ్చిన సీఐఈడీఈ2000 సూత్రం వాడండి. దాన్ని చేత్తో వేయాలని చూడకండి, కాలిక్యులేటర్లున్నాయి. ఏ సూత్రంతో వచ్చిందో అంకె పక్కనే రాసుకోండి. ఒక సూత్రం అంకెను ఇంకోదానితో పోల్చకూడదు.