తుపాను రోజుల్లో ఫ్రిజ్: జనరేటర్ వైరు గోడ సాకెట్‌లో పెట్టకండి

‘లైన్‌మన్ లైను ఆపించుకునే స్తంభం ఎక్కాడు, అయినా షాక్ కొట్టింది.’ గాలివాన వెలిసిన రెండో రోజో మూడో రోజో ఈ వార్త ఎక్కడో ఒకచోట నుంచి వస్తూనే ఉంటుంది. లైను ఆగిన మాట నిజమే. ఇలాంటి చోట్ల కారణం వెతకాల్సింది సబ్‌స్టేషన్‌లో కాదు, ఆ వీధిలో ఫ్రిజ్ కోసం జనరేటర్ పెట్టుకున్న ఇంట్లో.

ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల వాళ్లకి అక్టోబరు గురించి కొత్తగా చెప్పేదేముంది? ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర దాటి గజపతి జిల్లాని ముంచేసింది. అలాంటి తుపానుకి పోయిన కరెంటు గంటల్లో రాదు, రోజులు పడుతుంది. ఫ్రిజ్ తలుపు ఊరికే తెరవొద్దని మీకు తెలుసు, అది వదిలేద్దాం.

అసలు తప్పు ఇది. చిన్న పెట్రోలు జనరేటర్ అద్దెకు తెస్తారు. రెండు కొసలకూ పిన్నులున్న వైరు ఒకటి కట్టిస్తారు. ఒక కొస జనరేటర్‌లో, రెండోది గోడ సాకెట్‌లో. ఫ్రిజ్ తిరుగుతుంది, ఫ్యానూ తిరుగుతుంది, పక్కింటివాళ్లు మెచ్చుకుంటారు కూడా. కానీ ఆ కరెంటు ఇంట్లోనే ఆగదు. మీటరు దాటి, సర్వీసు వైరు మీదుగా వీధి తీగలెక్కుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దాకా పోతే ఇంకా ఘోరం. 11,000 వోల్టులను దించే ఆ డబ్బా, వెనక నుంచి ఎక్కిన 230ని వేల వోల్టులు చేసి పైకి పంపుతుంది.

‘ఇంత చిన్న జనరేటర్ వీధంతా మోయగలదా, ఆగిపోదూ?’ అంటారు. మామూలు రోజుల్లో ఆగిపోతుంది. తుపాను తర్వాత తీగ రెండు స్తంభాల అవతలే తెగి ఉంటుంది. ఆ ముక్క మీద మీ ఇల్లూ ఇంకో ఇల్లూ తప్ప లోడు ఉండదు, జనరేటర్ హాయిగా మోస్తుంది. తెగిన కొస కొబ్బరిమట్టల కింద పడి ఉంటుంది. దాన్ని ముందు ముట్టుకునేది లైన్‌మనే కానక్కర్లేదు, దారికడ్డంగా పడ్డ మట్టలు లాగే మీ ఇంటి పిల్లాడే కావచ్చు.

‘మెయిన్ దించాం కదా’ అన్నదీ చాలదు. చాలా ఇళ్లలో మెయిన్ ఒక్క ఫేజునే కోస్తుంది, న్యూట్రల్ కలిసే ఉంటుంది. హడావిడిగా కలిపిన సర్వీసులో ఫేజూ న్యూట్రలూ తారుమారైతే మెయిన్ దించినా లాభం లేదు. పైగా చీకట్లో ఎవరో ఒకరు మరిచిపోయి మెయిన్ ఎత్తుతారు. అప్పుడే లైను వస్తే జనరేటర్ వైండింగు కాలుతుంది, దాని నెత్తినే పెట్రోలు ట్యాంకు.

గోడ సాకెట్ జోలికే పోవద్దు. ఫ్రిజ్ ప్లగ్గు గోడ నుంచి పీకి, జనరేటర్ నుంచి నేరుగా వచ్చిన ఎక్స్‌టెన్షన్‌కి పెట్టండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల రాగి వైరు, 16 ఆంపియర్ల సాకెట్ ఉండాలి. కంప్రెసర్ నడిచేటప్పుడు లాగేది నూరు, నూటయాభై వాట్లే గానీ లేచే క్షణంలో దానికి అయిదారు రెట్లు లాగుతుంది. సన్న వైరైతే అక్కడే వోల్టేజీ పడిపోయి, మోటారు తిరగకుండా గుంయ్‌మంటూ వేడెక్కుతుంది. ఇల్లంతా వెలగాలంటే ఫేజునీ న్యూట్రల్‌నీ రెండింటినీ లైను నుంచి జనరేటర్‌కి మార్చే చేంజోవర్ స్విచ్ పెట్టించుకోండి. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో, గాలి మొదలవ్వకముందే.

ఇన్వర్టర్ ఉన్నవాళ్లకి లెక్క వేరు. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీలో కాగితం మీద 1.8 యూనిట్లుంటాయి, చేతికొచ్చేది ఒకటింపావు అనుకోండి. 190 లీటర్ల సింగిల్ డోర్ ఫ్రిజ్ రోజుకి ముప్పావు నుంచి ఒక యూనిట్ తింటుంది. ఫ్రిజ్ ఒక్కటే అయితే రోజు గడుస్తుంది. రెండు ఫ్యాన్లు కూడా వేసుకుంటే తెల్లారేసరికి బ్యాటరీ చేతులెత్తేస్తుంది. స్క్వేర్ వేవ్ (‘సైన్ వేవ్’ కాని) ఇన్వర్టర్ మీద మాత్రం ఫ్రిజ్ పెట్టకండి.

ఇక మిగతావి.

హెచ్చరిక రాగానే నీళ్ల సీసాలు ముప్పావు వంతు నింపి ఫ్రీజర్‌లో పెట్టండి. నిండా పోస్తే పగులుతాయి.

నిండిన డీప్ ఫ్రీజర్ తెరవకుంటే రెండు రోజులు ఆగుతుంది, సగమే ఉంటే ఒక రోజు. ఫ్రిజ్ కింది అరలకి నాలుగు గంటలే.

షెల్టరుకి వెళ్తుంటే గ్లాసులో కట్టిన ఐసు మీద రూపాయి బిళ్ల పెట్టి వెళ్లండి. తిరిగొచ్చేసరికి బిళ్ల అడుగున ఉంటే చేపా మాంసం పారేయండి. వాసన రాలేదని వండకండి.

ఇన్సులిన్‌ని ఐసుకి ఆనించకండి. ఒకసారి గడ్డకడితే ఇక పనికిరాదు.

జనరేటర్ ఇంటికి ఇరవై అడుగుల అవతల. వరండా కూడా ఇల్లే. షట్టరు దించిన కొట్లో అసలే వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు, నిద్రలోనే పోతారు.

ఆపి, చల్లారాకే పెట్రోలు పోయండి.

గోడ సాకెట్‌లో పెట్టకండి.

కంప్రెసర్ దాకా నీళ్లెక్కిన ఫ్రిజ్‌ని మెకానిక్ చూసేదాకా ముట్టుకోకండి.

ఆగిన కంప్రెసర్‌ని అయిదు నిమిషాల లోపు మళ్లీ లేపకండి.

లైను రాగానే ఫ్రిజ్ వేయకండి. ఎక్కడైనా న్యూట్రల్ తెగి ఉంటే 230 బదులు 400 దాకా రావచ్చు. ముందు ఫిలమెంటు బల్బు ఒకటి వేసి చూడండి, ఎల్‌ఈడీ తేడా చూపదు. మరీ ప్రకాశంగా వెలిగినా, ఎక్కుతూ తగ్గుతూ ఉన్నా మెయిన్ దించి 1912కి చెప్పండి. పదిహేను నిమిషాలు నిలకడగా వెలిగితేనే ఫ్రిజ్.

పక్కింట్లో జనరేటర్ చప్పుడు వినిపిస్తే దాని వైరు ఎక్కడికి పోతోందో వెళ్లి చూడండి. గోడ సాకెట్‌కే అయితే, ముందు జనరేటర్ ఆపించి ఆ తర్వాతే వైరు పీకించండి. తిరుగుతుండగా పీకితే ఆ పిన్నుల్లోనే 230 ఉంటుంది.